పడమటి హద్దు

"ఒరిజినల్ ప్లాన్ ఏమన్నా ఉందా సార్?"

హైదరాబాదు నుంచి మీతో వచ్చిన ఇంజినీరు కుర్రాడు అలా అడగ్గానే చిన్నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటాడు. నవ్వు దాచుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే. "ప్లానా? ఈ ఇల్లు కట్టినోనికి ఏలిముద్ర తప్ప ఇంకో గీత రాదప్పా" అంటాడు చివరికి.

గద్వాల కోటకు కూతవేటు దూరంలో, మీ ముత్తాత నాటి మిద్దె పడసాలలో నిలబడి ఉన్నారు మీరు. పొద్దున తిన్న ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల ఘాటు ఇంకా నాలుక మీదే ఉంది. బయట ఎండ. లోపల మాత్రం గవాచి లోంచి దిగిన వెలుతురు ఒక్కటే, బండల మీద చదరంగా పడి ఉంది. పడమటి గోడకు పొట్ట వచ్చింది. నిరుటి వానలకు మట్టి నాని, నడుమ భాగం నాలుగు వేళ్లు అవతలికి జరిగింది. అవతల ఉన్నది మగ్గాలవాళ్ల ఇల్లు. గోడ విప్పి మళ్లీ పేర్చాలంటే ముందు అది ఎవరిదో తేలాలి. గోడ నిట్టనిలువుగా ఉన్నన్నాళ్లూ రెండిళ్లవాళ్లూ మాదంటే మాదన్నారు. పొట్ట వచ్చినప్పటి నుంచి ఇద్దరూ మీదంటే మీదంటున్నారు.

కుర్రాడు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. అతను చదువుకున్న చదువులో ఇల్లు ముందు కాగితం మీద పుడుతుంది. ఈ నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య, ఇల్లు నేల మీదే పుట్టేది. పంతులు యజమాని మూరతో కొలిచి ఆయం కట్టేవాడు. పొడవెంత, వెడల్పెంత, ఆ రెంటినీ గుణించి భాగిస్తే మిగిలే శేషం మంచిదా కాదా, అంతే లెక్క. మేస్త్రీ నాలుగు మూలలా మేకులు దిగేసి, తాడు లాగి, సున్నంతో గీత పోసేవాడు. పునాది తవ్వగానే ఆ గీత మన్నులో కలిసిపోయేది. ఆయం రాసిన చీటీ దేవర గూట్లో కొన్నాళ్లుండి, ఏ దీపావళి బూజు దులుపుళ్లలోనో పోయేది. కాబట్టి మీరు వెతుకుతున్న నీలి కాగితం ఈ ఇంటికి ఎన్నడూ లేదు. ఉన్నదేమిటో చూడాలి.

చిన్నాయన ఇనప పెట్టె లాగుతాడు. కరెంటు బిల్లులు, పాసుపుస్తకాల జిరాక్సులు, విత్తన పత్తి కంపెనీవాళ్ల రసీదులు, ఎవరిదో పెండ్లి పత్రిక. అన్నింటి కిందా పసుపు గుడ్డలో చుట్టిన మడత. విప్పుతుంటే మడతల దగ్గర కాగితం పొడిపొడిగా రాలి మీ మోకాళ్ల మీద పడుతుంది. పైన నిజాం సర్కారు స్టాంపు, కింద ఉర్దూ రాత, అట్టడుగున మాత్రం తెలుగులో రెండు చేవ్రాళ్లు, మూడు నిశానీలు. "దీన్ని సాబ్ దగ్గరికి తీస్కపోవాల. ఈ ఊర్లో ఇంక ఆయనొక్కడే సదవగలడు" అంటాడు చిన్నాయన.

సాబ్ అంటే రిటైరైన ఉర్దూ పంతులు. మసీదు పక్క సందులో ఇల్లు. మిమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, భూతద్దం తుడుచుకుని, కాగితాన్ని గాజు పలక కింద పెడతాడు. చాలాసేపు ఏమీ మాట్లాడడు. పెదవులు మాత్రం కదులుతుంటాయి.

"ఇది శికస్తా బేటా. రాసినోడు చుక్కలు పెట్టలే. చుక్కల్లేకుంటే బే, తే, సే అన్నీ ఒక్కటే" అంటాడు. అక్షరాలను ఒకదానికొకటి గొలుసు కట్టి, చుక్కలు వదిలేసి గబగబా రాసే కచేరీ చేతిరాత అది. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా దాని దగ్గర తడబడతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పాత ఇంటి కాగితం వెతికే ఎవరికైనా తగిలే మొదటి గోడ ఇదే. కాగితం ఇంట్లోనే ఉంటుంది, చదివేవాళ్లు ఉండరు. ఒక మాట చెప్పక తప్పదు. అర్థం కాలేదని ఆ మడతలను లామినేషన్ చేయించేవాళ్లు కనిపిస్తుంటారు. వద్దు. ప్లాస్టిక్ అంటుకున్న పాత కాగితాన్ని ఇక బాగు చేయడం చాలా కష్టం. ఫోన్‌తో మంచి ఫొటో తీసి, ఉన్నదాన్ని ఉన్నట్టే నూలు గుడ్డలో చుట్టి పెట్టడం మేలు.

సాబ్ వేలు ఒకచోట ఆగుతుంది. "ఖుర్దాద్. 1343 ఫస్లీ." మీరు ఫోన్‌లో లెక్క వేయబోతే చెయ్యి అడ్డం పెడతాడు. హైదరాబాదు రాజ్యంలో ఫస్లీ ఏడు అక్టోబరులో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఖుర్దాద్ ఏడో నెల, అంటే ఏప్రిల్. ఏడు మొదలైన మూడు నెలలకు 590, జనవరి నుంచి 591 కలపాలి. అలా కలిపితే 1934 ఏప్రిల్. గద్వాల సంస్థానంలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలుబడి నడుస్తున్న రోజులు. ధర ఉస్మానియా సిక్కాలో రాసి ఉంది, కల్దారులో, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయల్లో కాదు. ఇంచుమించు ఏడు సిక్కాలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి కాబట్టి, ఏ రూపాయో చూడకుండా ధర చెప్పుకుంటే మీ ముత్తాత ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ ధనవంతుడైపోతాడు.

ఇక అసలు సంగతి. హద్దులు. సాబ్ గొంతు సవరించుకుని పాఠం చెప్పినట్టు చదువుతాడు. మష్రిక్, ఆమ్ రాస్తా. జునూబ్, బావి. షుమాల్, ఫలానా ఆయన మకాన్. మగ్రిబ్ దగ్గరికి వచ్చేసరికి కాగితం మడతలో చిరిగి ఉంది. ఒక పేరు తోక, దాని ముందు అర అంగుళం ఖాళీ. పడమర ఏముందో సరిగ్గా అక్కడే పోయింది.

చిన్నాయన ముఖం వాడిపోతుంది. సాబ్ మాత్రం భూతద్దం పక్కన పెట్టి తేలిగ్గా అంటాడు: "నీ మగ్రిబ్ పోతే ఏమైంది బేటా? వాళ్ల మష్రిక్ నువ్వే గదా. వాళ్ల కాయితం సూడు."

వెతుకులాట మొత్తం ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. కొలతల మీద నిలబడిన కాగితం కాదు ఇది, ఇరుగుపొరుగు మీద నిలబడిన కాగితం. మీ ఇల్లు ఎక్కడుందో చెప్పడానికి చుట్టూ ఏముందో, ఎవరున్నారో చెబుతుంది. ఆ పొరుగువాళ్ల కాగితాల్లోనూ మీ ఇంటి పేరు తప్పక ఉంటుంది. మీ పెట్టెలో పోయింది పక్కింటి పెట్టెలో దొరుకుతుంది.

సందు తిరిగి మగ్గాలవాళ్ల గుమ్మంలోకి వెళతారు. తగువు ఉంది గనక చిన్నాయన బయటే నిలబడిపోతాడు. మీరు లోపలికి వంగుతారు. పడసాల సగం మగ్గమే. గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న కోడలు తల ఎత్తకుండానే "రా అన్నా" అంటుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. అంచు దగ్గర రెండు రంగుల పోగులు ఒకదాన్నొకటి మెలేసుకునే చోట ఆమె వేళ్లు నాడెను ఇటు తీసుకుని అటు అందిస్తున్నాయి. చూస్తే తెలుస్తుంది, ఈ గది వెడల్పు ఏ మేస్త్రీ నిర్ణయించింది కాదు. పడుగు సాగాలి, మనిషి కూర్చోవాలి, వెనక నడవడానికి దారి ఉండాలి. ఈ మూడూ కలిపితే ఎంతో అంతే గది. గుంత మగ్గం కదలదు. ఒకసారి తవ్వితే తరాల పాటు అక్కడే. ఈ వీధిలో గోడల వయసు తేల్చాలనుకుంటే మగ్గం గుంతలను చూడటం ఒక దారి. గుంతకు మరీ దగ్గరగా గోడ వచ్చిందంటే ఆ గోడ తర్వాత కట్టిందే.

అవ్వ గోడకు ఆనుకుని నూలు కండె చుట్టడం ఆపుతుంది.

"ఏం కొడుకా, గోడ కత తెగ్గొట్టనీకొచ్చినవా?"

"కాదవ్వా. మీ ఇంటి కాయితం ఒకసారి సూపిస్తవా? మా దాంట్లో పడమర చినిగిపోయింది."

ఆమె మిమ్మల్ని కొలిచినట్టు చూస్తుంది. కాగితం అడిగితే ఎవరికైనా భయమే. బ్యాంకువాడు అడుగుతాడు, కొనేవాడు అడుగుతాడు, కోర్టువాడు అడుగుతాడు. ఎవరి చేతికి ఇచ్చినా తిరిగి రావడం దేవుడెరుగు. మీరు చేతులు వెనక్కి పెట్టుకుని, "నువ్వే పట్టుకో అవ్వా, నేను సూస్తా" అంటారు. ఆ మాట పనిచేస్తుంది. బియ్యం డబ్బా వెనక నుంచి రేకు పెట్టె వస్తుంది.

ఇది తెలుగు దస్తావేజు, 1957 నాటిది. రిజిస్టరు అయిన కాగితం గనక వెనక ముద్రలు, పుస్తకం నంబరు, పుటల నంబర్లు ఉన్నాయి. అవ్వ వేలి కింది నుంచే మీరు చదువుతారు. తూర్పు హద్దు: సందు. ఆ పైన మీ ముత్తాత పేరు, ఆయన మిద్దె.

సందు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రెండిళ్ల మధ్య ఇప్పుడు సందు లేదు. గోడకు గోడ ఆనుకుని ఉంది. "ఏ సందు కొడుకా? నేను కాపురానికొచ్చిన కాణ్నుంచి సందు సూల్లే" అంటుంది అవ్వ. ఆమె అబద్ధం చెప్పడం లేదు, కాగితమూ అబద్ధం చెప్పడం లేదు. దస్తావేజు రాసేవాళ్లు హద్దులను నేల మీద చూసి రాయరు, ముందరి కాగితం చూసి దింపుతారు. పాతికేళ్ల కింద పోయిన మనిషి కూడా ఉత్తరాన ఇల్లు కట్టుకుని కూర్చునే ఉంటాడు. న్యాయవాదులకు ఇది తలనొప్పి. మీలాంటివాళ్లకు మాత్రం అదృష్టం. ఆ దింపుడులో పడి, 1957 నాటి కాగితం అంతకు ముందెప్పుడో మూసుకుపోయిన సందును కాపాడి పెట్టింది.

అప్పుడు మీకు చీకటి కొట్టు గుర్తొస్తుంది.

మీ ఇంటి పడమటి వైపు ఒక గది ఉంది. గది అనడానికి లేదు. మూడడుగుల వెడల్పు, ఇల్లంత పొడవు. మిరపకాయల బస్తాలు, ఊరగాయ జాడీలు, విరిగిన ఊయల బల్ల. చిన్నప్పుడు అందులోకి తోసి తలుపేస్తారేమోనని భయపడేవాళ్లు పిల్లలు. ఇప్పుడు ఇంజినీరు కుర్రాడు, మీరు, చిన్నాయన ముగ్గురూ టార్చి పట్టుకుని పక్కవాటుగా నడుస్తూ లోపలికి పోతారు. మిరపకోరుకు తుమ్ములు. తూర్పు వైపు గోడ, అంటే మీ పడసాలకు వెనక గోడ, చేత్తో తడిమితే బరుకుగా, రాయి రాయిగా ఉంది. పడమటి గోడ నున్నగా మట్టి పూతతో ఉంది. కుర్రాడు టార్చి పైకి లేపుతాడు.

తలకు రెండు మూరల ఎత్తున, తూర్పు గోడలోంచి ఒక రాతి దోనె బయటికి పొడుచుకొచ్చి ఉంది. మిద్దె మీద పడిన వాన నీళ్లు వీధిలోకి దూకడానికి పెట్టే దోనె. దాని మూతికి ఆవు ముఖం చెక్కారు, ఒక చెవి విరిగింది. కింద నల్లగా నాచు పట్టిన చార, నేల దాకా. ఎన్ని వానలు కురిస్తే రాతి మీద ఆ చార పడుతుందో.

"లోపల ఎవరన్నా దోనె పెట్టుకుంటరా?" అంటాడు చిన్నాయన. అనేసి, ఆ మాట అర్థం తనకే తట్టి, నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. ఈ రాతిగోడ ఒకప్పుడు బయటి గోడ. మీరు నిలబడ్డ చోటే సందు. సందుకు ఎవరో మిద్దె వేశారు. ఆ మిద్దెను మోయడానికి పడమర పక్కన ఇంకో గోడ లేపారు. పొట్ట వచ్చింది ఆ గోడకే. అందుకే దానికి పునాది సరిగ్గా లేదు. రాతి కట్టు కాదు, మట్టి కట్టు. కుర్రాడు మేకుతో ఒకచోట గీకి చూపిస్తాడు.

మరి వేసింది ఎవరు?

మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతారు గానీ దాని గురించి చెప్పుకోడానికి ఎక్కువ లేదు. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల చిట్టా, కంప్యూటరులో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే చేత్తో రాసిన సూచికలు తిరగేయించాలి, పేర్లకు ఒకటి, ఆస్తులకు ఒకటి. అవ్వ కాగితం వెనకున్న పుస్తకం నంబరు చేతిలో ఉంది గనక నకలు అడగడం సులువవుతుంది. నంబరు లేకుండా పోయినవాళ్లకు అక్కడ పని నడవడం కష్టం. మునిసిపాలిటీలో ఇంటి పన్ను రిజిస్టరు చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. ఇంటి కప్పు ఏ రకమో అందులో రాస్తారు. మట్టి మిద్దె అన్న మాట పోయి ఆర్‌సీసీ అని వచ్చిన ఏడే మీ వంటింటికి స్లాబు పడిన ఏడు. ఎవరూ ఇంటి చరిత్ర అనుకుని రాయలేదు, పన్ను పెంచడానికి రాశారు. కానీ తారీకు తారీకే. సందు గురించి మాత్రం రెండు చోట్లా ఒక్క ముక్క లేదు.

"వనపర్తిలో అత్తనడుగు. ఆమె ఈడనే పుట్టింది" అంటాడు చిన్నాయన.

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు దగ్గర లోపలికి తిరుగుతారు. వనపర్తిలో అత్త ఇంటికి పోయే ముందు మామ ప్యాలెస్ గేటు దగ్గర ఎదురు చూస్తుంటాడు. వనపర్తి రాజుల ఆ భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, రాజా కృష్ణదేవరావు పేరుతో. మామ అందులో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాడు.

"పిల్లలకు టేపు చేతికిచ్చి ఈ బురుజునే కొలవమనేటోణ్ణి" అంటాడు, తోరణాల కింద నడుస్తూ. "ప్లాన్ గీయమంటే ముందు అందరూ బొమ్మ గీసేటోళ్లు. ప్లాన్ అంటే బొమ్మ కాదురా, ఇంటిని నడుముకాడికి కోసి పైనుంచి చూస్తే కనిపించేదని చెప్పంగ చెప్పంగ ఏడాది పట్టేది."

ఇంట్లో ఆయన గోద్రెజ్ బీరువా తెరిచి, గొట్టంలా చుట్టిన కాగితం తీస్తాడు. నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెడతాడు. నీలం రంగు. తెల్ల గీతలు. ఆయన అరవైల్లో కట్టించుకున్న ఈ ఇంటి బ్లూప్రింటు. మీరు వెతుకుతూ వచ్చిన వస్తువు ఇదిగో, తప్పు ఊళ్లో, తప్పు ఇంటిది.

మామకు మాత్రం చెప్పడానికి ఒక మనిషి దొరికాడు. 1842లో హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇనుము లవణాలతో ఈ పద్ధతి కనిపెట్టాడు. ఆ లవణాలు పూసిన కాగితం మీద గీతలున్న ట్రేసింగు బట్ట పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన చోటు నీలమవుతుంది. గీత నీడ పడ్డ చోటు నీళ్లలో కడిగితే తెల్లగా మిగులుతుంది. "మన ఎండకు తొందరగా అయ్యేది" అని నవ్వుతాడు. ట్రేసింగు బట్ట అంటే గంజి పెట్టి నున్న చేసిన సన్న నూలు బట్ట. పని అయిపోయిన పాత డ్రాయింగులను ఉడకబెట్టి, గంజి వదిలించి, చేతిరుమాళ్లు చేసుకున్న ఆఫీసులున్నాయట. ఎన్ని కట్టడాల చరిత్రలు అలా ముక్కు తుడుచుకోవడానికి పోయాయో!

"సరళాసాగర్ తీస్కో" అంటాడు మామ. 1949లో పునాది పడి 1959లో నీళ్లు వదిలిన ప్రాజెక్టు, గేట్లు ఎత్తే మనిషి లేకుండా నీళ్లు నిండగానే తమంతట తాము తెరుచుకునే సైఫన్లు దానివి. "దానికి ముందు గీత, తర్వాత రాయి. గీత ఒక్క అంగుళం తప్పితే సైఫన్ పని చెయ్యదు. మీ గద్వాల మిద్దెకు ముందు రాయి, గీత ఎప్పుడూ లేదు. దానికి గీత అక్కరపడలే, అంతే." 2019 చివరి రోజున ఆ సాగర్ కట్ట తెగిన సంగతి గుర్తు చేస్తే, "తెగింది మట్టికట్ట, సైఫన్లు కాదు" అని గట్టిగా సరిచేస్తాడు.

అత్త పళ్లెంలో జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి మీ ఎదుట కూర్చుంటుంది. సందు గురించి అడిగితే వెంటనే తలూపుతుంది. "సందుల కోళ్లు తిరుగుతుండె. వాన పడితే ఆవు నోట్లకెల్లి నీళ్లు పడుతుండె, మేం దాని కింద నిలబడి తానం చేస్తుంటిమి." ఒక చెవి విరిగిందని చెప్తే, "విరగ్గొట్టింది మీ నాయనే" అంటుంది. సందు మూసిందెవరో ఆమెకు తెలీదు. పెండ్లయి వచ్చేసరికి మూసి ఉందో లేదో కూడా గుర్తు లేదు. "తక్సీం కాయితం నాగర్‌కర్నూల్‌ల ఉంటది సూడు. చిన్నతాత ఒక్క కాయితం పారేసేటోడు గాదు."

బిజినేపల్లి, పాలెం మీదుగా నాగర్‌కర్నూల్. పెద్దనాయన, అంటే చిన్నతాత కొడుకు, బజారుకు దూరంగా చిన్న డాబాలో ఉంటాడు. చిన్నతాత జటప్రోలుకు ఇల్లరికం పోయాడు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున మునిగిన ఊళ్లలో పాత జటప్రోలు ఒకటి. గుళ్లను రాయి రాయికీ నంబరు వేసి విప్పి, గట్టు మీద మళ్లీ కట్టారు. ఇళ్లను కట్టలేదు.

పెద్దనాయన గోడకు గ్రామ నక్షా జిరాక్సు అంటించి ఉంది. సర్వే నంబర్లు, బాటలు, వాగులు, ప్రతి చెలకకూ గట్టు గీత. నడుమ ఊరున్న చోట మాత్రం ఒక వంకర గీత, లోపల ఖాళీ. గ్రామకంఠం. శిస్తు వచ్చే భూమికే సర్వే గానీ ఇళ్లకు ఎందుకు? భూముల సేత్వార్లలో, ఖాస్రా పహాణీల్లో పాత ఇల్లు వెతికితే దొరకదనేది ఇందుకే. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫారసీ, ఉర్దూ కాగితాలు లక్షల్లో ఉన్నా, అక్కడ దొరికేది ఇనాములూ సనదులూ సర్కారు ఉత్తర్వులూ. మామూలు మనిషి పడసాల సర్కారుకు అక్కరలేదు.

ఒక్క సందర్భంలో తప్ప. ఆ సందర్భం ఏమిటో పెద్దనాయన పెట్టెలో ఉంది.

ప్లాస్టిక్ సంచిలోంచి ఆయన తీసేది భూసేకరణ అవార్డు నకలు. 98 జీవో కింద నిర్వాసితుల ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తామంటే, దాని కోసం దశాబ్దాలుగా ఆఫీసుల చుట్టూ తిప్పిన కాగితం. అంచులన్నీ వేళ్ల మురికితో నల్లబడ్డాయి. నష్టపరిహారం కట్టడానికి ఇంజినీర్లు వచ్చి ప్రతి ఇల్లూ కొలిచారు. పెద్దనాయన అద్దాలు పెట్టుకోకుండానే చదువుతాడు. రాతి గోడ, మట్టి అడుసు, పొడవు ఇంత, మందం ఇంత. టేకు తలుపు జత, గడపతో. దూలాలు. దంతెలు. గోడ గూళ్లు. బండలు పరిచిన నేల. పెరట్లో వేపచెట్టు, దాని చుట్టుకొలత. కోళ్ల గూడు సైతం. గద్వాలలో నిలబడి ఉన్న మీ ఇంటికి ఒక్క గీత లేదు. నీళ్ల కింద ఉన్న ఈ ఇంటిని మాత్రం ఈ కాగితం చూసి రేపే మళ్లీ కట్టొచ్చు. సర్కారు ఒక మామూలు ఇంటిని ఇంత శ్రద్ధగా చూసేది దాన్ని తీసుకునేటప్పుడే.

"వేప చెట్టుకు ఎక్కువ రాసిండ్రు, ఇంటికి తక్కువ రాసిండ్రు" అంటాడు పెద్దనాయన. ఆ తగువు ఆయన మనసులో ఇంకా తెగలేదు.

తక్సీం కాగితం అదే సంచిలో, అడుగున. స్టాంపు లేదు, సాదా కాగితం. 1953. నల్ల సిరా కాస్త ఎర్రబడింది. ముత్తాత పోయాక అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల ఎదుట పంచుకున్నవి: బిందెలు, గంగాళం, ఎద్దు, చెలక. ఇల్లు అన్నకు. చివరన, ఇరికించి రాసిన రెండు వరుసలు. పడమటి సందు మీద ఇరుగు పొరుగు ఇద్దరం కలిసి ఖర్చు పెట్టి వేసిన మిద్దె, దంతెలు ఏడు, దాని అవతలి గోడ ఉభయులకూ ఉమ్మడి. కింద మగ్గాలవాళ్ల ఇంటి పెద్ద నిశాని.

గోడ ఇద్దరిదీ. ఖర్చు చెరి సగం. చిన్నాయనకు చెప్పాలి, అవ్వకూ చెప్పాలి. ఎవరికీ పూర్తిగా నచ్చదు.

"ఏడు దంతెలు ఉన్నయా ఇప్పుడు?" అంటాడు పెద్దనాయన. "కాయితానికి ఇల్లు సాక్షి ఉండాలె గదా. ఫోన్ చెయ్."

గద్వాలలో చెల్లెలు ఎత్తుతుంది. "చీకటి కొట్లనా అన్నా? ఇప్పుడా?" టార్చి కోసం వెతుకులాట, బస్తా జరిపిన చప్పుడు, రెండు తుమ్ములు. తర్వాత లెక్క వినిపిస్తుంది, ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర ఆగుతుంది. "ఇంకోటుంది అన్నా. ఎనిమిది. కానీ ఇది కట్టె కాదు, రైలు పట్టా."

మీరు పెద్దనాయన వైపు చూస్తారు. ఆయన కాగితం వైపు చూస్తాడు. ఏడనే ఉంది.

ఫోన్‌లో వెనక నుంచి చిన్నాయన గొంతు. "ఆ పట్టా నేనేయించింది. ఒక దంతె చెద పట్టి వంగితే."

"ఎప్పుడు చిన్నాయనా? ఏ సంవత్సరం?"

"నాకేం గుర్తు? కర్నూలు మునిగిన ఏడు."

మీరు తక్సీం కాగితం ఫొటో కింద, కొత్తగా మొదలుపెట్టిన నోటుబుక్కులో, మొదటి పేజీలో రాసుకుంటారు: ఎనిమిదో దంతె, రైలు పట్టా, 2009.